మా అత్త తొమ్మిది కార్తెలు

మా తాత తోపును ముగ్గురు బిడ్డలకు పంచినప్పుడు సర్వేయరును పిలవలేదు, గొలుసు పట్టించలేదు, రాళ్ళు పాతించలేదు. పంచాంగం తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు, బిడ్డలు ముగ్గురు, తలకు తొమ్మిది. అశ్వని నుంచి ఆశ్లేష దాకా పెద్దకొడుక్కి, అంటే మా పెదనాన్నకి. మఖ నుంచి జ్యేష్ఠ దాకా మా నాన్నకి. మూల నుంచి రేవతి దాకా ఆఖరి బిడ్డ అయిన మా అత్తకి. ఎవరి కార్తెల్లో ఏది పండితే, ఏది రాలితే, ఏది మొలిస్తే అది వాళ్ళది. ఆ రోజుల్లో తోపు బాగోగులు కూడా వాళ్ళవే. చెట్టు మాత్రం ఎవరిదీ కాదు, కొట్టే హక్కు ఎవరికీ లేదు.

భూమిని ముక్కలు చేస్తే బిడ్డలు కొట్టుకుంటారని ఆయన భయం. అందుకని కాలాన్ని ముక్కలు చేశాడు. తోపు నిలిచింది. కొట్టుకోవడం కూడా నిలిచింది, ఇప్పటికీ ఏ లోటూ లేకుండా సాగుతోంది.

తోపంటే ఏదో పెద్ద అడవి అనుకునేరు. సముద్రానికి దగ్గరగా ఆరెకరాల ఇసుక దిబ్బ. గాలికి అడ్డంగా తూర్పున ఒక సరుగుడు వరస, నడుమ తాడిచెట్లు, నాలుగు నేరేళ్ళు, రెండు పాలచెట్లు, ఒక చింత, ఒక వెలగ, మిగతాదంతా కలివి పొదలు, రేగు కంప, ఈత కంప. చుట్టుపక్కల వాళ్ళంతా ఎప్పుడో రొయ్యల గుంటలు తవ్వేశారు. మా తోపులో నిలబడి ఏ దిక్కుకు తిరిగినా గుంటల్లో చక్రాలు నీళ్ళు చిలికే చప్పుడే వినిపిస్తుంది. ఊళ్ళో మా ఇంటి పేరు ఎవరికీ గుర్తులేదు, 'కంపోళ్ళు' అంటారు. ఆ కంపలో ఏముందని ఏడాదంతా నవ్వేవాళ్ళే రోహిణి కార్తె రాగానే పాలపళ్ళున్నాయా అని గిన్నె పట్టుకొని వస్తారు.

నేను కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో బొగ్గు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. వారంలో ఆరు రోజులు బొగ్గు పొడి చేసి, కాల్చి, బూడిద తూస్తాను. ఏడో రోజు తోపులో గలిజేరాకు గిల్లుతాను. పెళ్ళై ఇదే ఊళ్ళో ఉండిపోయాను కాబట్టి మా నాన్నకు ఎప్పుడు మనిషి సాయం కావాలన్నా నేనే. అంటే ఈ కథలో జరిగిన పాపంలో నాకూ చెయ్యుంది. అది ముందే చెప్పేస్తున్నాను.

పెదనాన్నకి వేసవి వచ్చింది కదా, ముంజలు, ఈతపళ్ళు, పాలపళ్ళు, నేరేళ్ళు, కలివిపళ్ళు అన్నీ ఆయనవే. మా నాన్నకి వానాకాలం: తాటిపళ్ళు, పుట్టగొడుగులు, ఆకుకూరలు, దోమలు. అత్తకి చలికాలం: తేగలు, రేగిపళ్ళు, వెలగకాయలు, చివర్లో చింతచిగురు, అదృష్టముంటే ఒక తేనెపట్టు. ఎవరికి వాళ్ళు తమకే తక్కువ వచ్చిందని నలభై ఏళ్ళుగా గట్టిగా నమ్ముతున్నారు. ఈ ఒక్క విషయంలో ముగ్గురిదీ ఒకే మాట.

అన్నదమ్ములిద్దరూ ఏటా ఉగాదికి చెరొక పంచాంగం కొంటారు. ఒకే పంచాంగం కొనరు. పెదనాన్న కొనేదాంట్లో మఖ కార్తె ప్రవేశం ఎప్పుడూ కాస్త ఆలస్యం. నాన్న కొనేదాంట్లో కాస్త ముందు. ఏ పంచాంగంలో ఎవరికి లాభమో చూసుకొనే కొంటారని మా అమ్మ అంటుంది. ఒక ఏడాది సరిగ్గా ఆ రెండింటి నడుమ ఉన్న గంటల్లో ఒక తాటిపండు దబ్బున రాలింది. పండుకు ఇటు నాన్న, అటు పెదనాన్న. ఇద్దరి చేతుల్లో పంచాంగాలు.

"ఇంకా ఆశ్లేషలోనే ఉండాం, ముట్టబాక," అన్నాడు పెదనాన్న.

"మఖ వచ్చి గంటయింది. కళ్ళజోడు పెట్టుకోని చూడు," అన్నాడు నాన్న.

వాళ్ళు అలా నక్షత్రాల మీద పోట్లాడుకుంటుండగా పక్క గుంటల కాపలాదారు ఆవు తాపీగా వచ్చి ఆ పండు నమిలేసింది. దానికి పంచాంగం లేదు. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ కలిసి ఆవు మీద ఒంటికాలి మీద లేచారు. వాళ్ళు కలిసికట్టుగా చేసిన పని నేను అప్పుడే మొదటిసారి చూశాను.

పైగా ఈ మధ్య కాలం కూడా తాత మాట వినడం మానేసింది. వానలు ఆలస్యంగా వస్తున్నాయి, నేరేళ్ళు మఖలో పండుతున్నాయి. అవి నా కార్తెలో పూసినవి కాబట్టి నావేనని పెదనాన్న, నా కార్తెలో పండినవి కాబట్టి నావేనని నాన్న. ఆ పళ్ళను ఆఖరికి గబ్బిలాలు తినేవి.

అన్నిట్లోనూ ఇలా కొట్టుకు చస్తారని తాత ముందే ఊహించాడో ఏమో, తాడిచెట్టు దగ్గర మాత్రం ఒక మెలిక పెట్టిపోయాడు. పెదనాన్న తన కార్తెల్లో ముంజలకని గెలలు దింపుకోవచ్చు. కానీ చెట్టుకు రెండు గెలలైనా వదలాలి, అవి తమ్ముడి కార్తెలో పళ్ళవుతాయి. ఆ పళ్ళు తిన్నవాడు టెంకలు పారెయ్యకూడదు, ఇసుక పోగులో పాతర వెయ్యాలి. ఆ టెంకలు చెల్లెలి కార్తెలో తేగలవుతాయి. చెల్లెలు తేగలు తవ్వుకున్నాక ఊరికే పోకూడదు, ఎండు మట్టలు కొట్టించి చెట్ల తలలు శుభ్రం చేయించాలి. అప్పుడు పెద్దన్న గెలలకు మనిషి ఎక్కగలడు. అంటే ఒకరు తిన్నది ఇంకొకరికి మిగలాలి. ముసలాయన అంతదాకా ఆలోచించాడు. ముగ్గురికీ పట్టుదల తనకంటే ఎక్కువని మాత్రం ఆలోచించలేదు.

మా అత్తది బిట్రగుంట. మామ రైల్వేలో పనిచేసి అక్కడే కాలనీ పక్కన ఇల్లు కట్టుకున్నాడు, అక్కడే పోయాడు. ఇప్పుడు కొడుకు దగ్గరుంటుంది. అరవై దాటినా అన్నలిద్దరికీ ఆమె ఇంకా 'పాప'నే. మూల కార్తె దాటి చలి ముదిరాక నెల్లూరు దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో, చంకలో మడిచిన గోనెసంచితో దిగుతుంది. ఆమె గడ్డపార మా ఇంటి తలుపు వెనక ఏడాదంతా నిలబడి ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టకూడదు. పుట్టింట్లో ఆమెకంటూ ఉన్నవి ఆ గడ్డపార, ఆ తొమ్మిది కార్తెలే. చీరా రవికా పెట్టించుకోవడానికి రాదు. "నా తోపుకు నేనొచ్చినా, మీ ఇంటికి కాదు," అని గడపలోనే చెప్పేసి మా అమ్మ చేతి కాఫీ తాగుతుంది. పాతర తవ్వే రోజు ముగ్గురూ దగ్గరుండాలన్నది కూడా తాత పెట్టిన నియమమే. ఆ ముగ్గురూ ఒకచోట కూర్చునేది ఏడాదికి ఆ ఒక్క పూటే.

నేను చెప్పేది పోయిన ఏటి సంగతి.

పెదనాన్న వియ్యంకుడు చిల్లకూరు దగ్గర హైవే పక్కన ఒక టీ బంకు పెట్టాడు. దాని ముందు 'స్వచ్ఛమైన తోపు ముంజలు' అని బోర్డు రాయించాడు. కార్లు ఆపి దిగినవాళ్ళు ఆ బోర్డు పక్కన నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్ళు. ఒకరోజు పెదనాన్న అక్కడికి వెళ్ళాడు. ఈ తోపు పెద్దాయన ఈయనేనని వియ్యంకుడు చూపించగానే ఆయన పక్కన కూడా నిలబడి ఫోటోలు తీసుకున్నారు. అంతే, మనిషి మనిషి కాకుండా పోయాడు. నలభై ఏళ్ళు కంపోడని పిలిపించుకున్నవాడు హైవే మీద దొరగారయ్యాడు. మనిషిని ఎక్కించి ఉన్న గెలలన్నీ దింపించి బంకుకు తోలాడు. ఎక్కే మనిషి భయపడి వదిలేసిన ఆరేడు పొడుగు చెట్లకు తప్ప తోపులో ఒక్క గెల మిగల్లేదు.

మఖ ప్రవేశించిన రోజు నాన్న తలెత్తి చూసి ఇంటికొచ్చాడు. కేకలు వెయ్యలేదు. కేకలేస్తే బాగుండేది. కుర్చీలో కూర్చొని చాలా నెమ్మదిగా అన్నాడు.

"తిన్నోడు పాతర వెయ్యాలని గదా మా నాయన చెప్పినాడు? నేను తినను. పాతర వెయ్యను. ఈ ఏడు ఒక్క పండు ఎవురూ ముట్టబాకండి."

"మీ అన్న మీద కోపమైతే మీ అన్నతో జెప్పుకో. పాప నోట్లో మన్ను గొడతావేంది?" అంది అమ్మ.

"రూలు రూలే," అన్నాడు నాన్న.

ఆ పొడుగు చెట్ల కింద పళ్ళు రాలాయి, రాలినచోటే పగిలాయి, కుళ్ళాయి. ఆ తియ్యటి వాసన మా ఇంటి దాకా వచ్చి నోట్లో నీళ్ళూరించేది. నాన్న ముక్కుకు తువ్వాలు కట్టుకొని తిరిగాడు. ఆ చెట్ల వైపు అడుగు కూడా పెట్టలేదు. పెదనాన్నకు బుద్ధి చెబుతున్నానని ఆయన అనుకున్నాడు. పెదనాన్నకు అసలు తెలియనే తెలియదు, ఆయన హైవే మీద ఫోటోల్లో ఉన్నాడు.

దీపావళి దాటాక అత్త ఫోను చేసింది. నాన్నకు చెవి సరిగా వినపడదు కాబట్టి స్పీకరు పెట్టాను.

"మోకాళ్ళు ఆడడం లేదన్నా. మావోడు వద్దంటా ఉండాడు. తేగల కట్ట బజార్లో దొరకదా, దానికోసం అంత దూరం పొయ్యేదేందని వాడి గొడవ. నాకు తేగలు కావాలన్నానా వాడితో? పాతర తవ్వేది కావాల. అది ఉన్నంత కాలం వస్తా. దాంట్లో ఏమీ లేదనుకో, ఇంక నేనాడికొచ్చి చూసేది ఏముండాది? ఆ రోజుతో చాలిస్తా."

ఆమె మామూలుగానే అంది, మధ్యలో నవ్వింది కూడా. ఫోను పెట్టేశాక మాత్రం నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను. అయినా "తప్పయింది" అనే మాట మా ఇంట్లో మగవాళ్ళకు నోరు తిరగదు. ఇప్పుడు టెంకలు పాతినా అత్త వచ్చేలోగా తేగ దిగదు. ఆయన రెండు రోజులు ఆలోచించి మూడో రోజు నన్ను పిలిచాడు.

"పార తీసుకో. పాతర కడదాం."

"దేంతో?" అన్నాను.

"ఇసకతో."

ఏటా పాతర వేసే చోటే, ఏటా ఉండే పొడుగు వెడల్పుల్లో, మేమిద్దరం వట్టి ఇసుక పోగుచేశాం. ఆయనకు ఆయాసం వస్తే ఎక్కువ భాగం నేనే ఎత్తాను. పైన చదును చేసి, తడి చల్లి, పందులు రాకుండా చుట్టూ రేగుకంప కూడా పెట్టాం. ఏమీ లేని ఇసుకకు కాపలాగా కంప పెట్టిన కుటుంబం ఈ జిల్లాలో మాదొక్కటే అనుకుంటాను.

"తవ్వితే తెలిసిపోద్ది గదా నాయనా?"

"ముందు రానీ. వచ్చినాక చూసుకుందాం. పందికొక్కులు తిన్నాయని జెబుదాం," అన్నాడు.

నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. కానీ అత్త రాకపోవడం కంటే అబద్ధమే నయమనిపించింది. సరేనన్నాను.

అత్త వచ్చింది. మోకాళ్ళకు పట్టీలు, చంకలో గోనెసంచి. మర్నాడు పొద్దున్నే తోపుకు బయల్దేరాం. పెదనాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకొని వచ్చాడు, ఎవరైనా ఫోటో తీస్తారేమోనని. అత్త రేగుకంప తీసి పక్కన పెట్టి, పాతరకు దణ్ణం పెట్టి, గడ్డపార దించింది. అది ఏ అడ్డూ లేకుండా దిగిపోయింది.

"ఏందన్నా, ఇంత మెత్తగా ఉండాది? ఈపాటికి వేళ్ళతో బిగుసుకోనుండాల గదా?"

"వానలట్ట కురిసినాయి పాపా ఈ ఏడు," అన్నాడు నాన్న, ఆకాశంలోకి చూస్తూ.

ఆమె ఇంకోచోట గుచ్చింది. ఇంకోచోట. తర్వాత కూర్చొని చేతుల్తో ఇసుక తోడింది. మోచేతుల దాకా తోడింది. ఇసుక తప్ప ఏమీ రాలేదు.

"పందికొక్కులు తినేసినట్టుండాయి," అన్నాడు నాన్న.

"తేగలు తిన్నాయి, సరే. టెంకలు గూడా మూటగట్టుకోని పోయినాయా?"

పెదనాన్నకు నవ్వాగలేదు. అత్త ఆయన వైపు తిరిగింది.

"నువ్వు నవ్వబాక పెద్దన్నా. వచ్చేటప్పుడే దారిలో చెట్లు చూసుకుంటా వచ్చినా. ఒక్కదానికన్నా పండు తొడిమ ఆనవాలుండాదా? నువ్వు గెలలన్నీ కోసినావు. ఈయన నీ మీద కోపంతో పాతర ఎయ్యలేదు. మీ ఇద్దురూ ఆడుకోండి. నడుమ నేనెందుకు?"

ఆమె లేచి, చీరకంటిన ఇసుక దులుపుకొని, గోనెసంచిని నాలుగు మడతలు పెట్టింది. గడ్డపారను నా చేతికిచ్చింది.

"పాత సామాన్లోడికి వేసెయ్ అమ్మాయ్. ఇంక నాకు దీంతో పనిలేదు."

ఆమె ఏడవలేదు. ఏడ్చింది నేను. పొడుగు తాడిచెట్ల మధ్య నుంచి బస్సు రోడ్డుకు అడ్డదారి ఉంది, అటే కుంటుకుంటూ నడిచింది. ఆమె వెనక నేను, నా వెనక దూరంగా అన్నదమ్ములు. దారిలో గడ్డిలో ఒక టెంక అడ్డం వచ్చింది. ఉన్న కోపమంతా పెట్టి దాన్ని తన్నింది. "అబ్బా" అని కాలు పట్టుకొని కూర్చుండిపోయింది. టెంక మాత్రం కదల్లేదు.

అత్త కాలు వదిలేసి టెంక పట్టుకొని లాగింది. రాలేదు. రెండు చేతుల్తో ఊపింది. భూమిలోకి మేకు దిగినట్టు ఉంది. పక్కనున్న ఇంకోదాన్ని లాగింది. అదీ అంతే. గడ్డి తొలగించి చూస్తే చెట్టు చుట్టూ టెంకలు, ఒక్కటీ కదలదు. మా నాన్న పాతర వెయ్యనని ఒట్టు పెట్టుకున్న పళ్ళు కుళ్ళి, వానకు తడిసి, ఎవరినీ అడగకుండా వాటంతట అవే తేగలు దించుకున్నాయి. మేము ఇసుకను కాపలా కాస్తున్న రోజులన్నీ అవి ఇక్కడ వాటి పని చేసుకుంటున్నాయి.

"చిన్నన్నా," అని అరిచింది అత్త, "ఇట్ట రా. గడ్డపార తీసుకో. ఇది నా కార్తె. నేను జెప్పిన కాడ తవ్వు."

పాతరలో వరసగా ఉండే తేగలు పూటలో తవ్వెయ్యొచ్చు. ఇవి చెల్లాచెదురుగా, గట్టి నేలలో, ఒక్కోదానికి ఒక్కో గొయ్యి. అత్త ఎండుమట్ట మీద కాళ్ళు చాపుకొని కూర్చొని చూపుడువేలితో తోపు ఏలింది. నాన్న తవ్వాడు. ఆయన అలిసిపోతే పెదనాన్న ఇస్త్రీ చొక్కా విప్పి కొమ్మకు తగిలించి తవ్వాడు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. అయినా విరగకుండా నిండు తేగ ఎవరు తీస్తారని పోటీ పెట్టుకున్నారు. నాన్న తీసింది సగానికి విరిగితే పెదనాన్న చప్పట్లు కొట్టాడు. మధ్యాహ్నానికి గోనెసంచి సగం నిండింది.

ఇంకా రెండు టెంకలు మిగిలాయి. నాన్న గడ్డపార ఎత్తగానే అత్త ఆపింది.

"ఆ రెండూ వదిలెయ్. చెట్లు కానీ."

"అవి ఆడతాళ్ళో పోతుతాళ్ళో ఎవురికి తెలుసు?" అన్నాడు పెదనాన్న.

"పదైదేళ్ళు పోతే తెలుస్తాది."

"ఆడతాళ్ళయితే ముంజలు నావే. నా కార్తెలోనే గదా గెలేసేది?"

"నీకిస్తే మళ్ళా ఒక్కటి మిగల్చవు. వీటికి వేరే రూలు రాసుకోవాల," అన్నాడు నాన్న. వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "పదైదేళ్ళంటే... అప్పటికి నాకు..."

అక్కడ ఆగిపోయాడు. పెదనాన్న కూడా లెక్క వేసుకున్నట్టున్నాడు, తల దించుకున్నాడు.

"అప్పుడు పంచాంగం ఎవురు తెస్తారో ఇప్పుడే తేల్చుకోండి," అంది అత్త.

సాయంత్రం బస్సు దగ్గరికి సంచి నేనే మోసుకెళ్ళాను. నాకు మనసు ఊరుకోలేదు. ఆ పాతర కట్టింది నేనేనని చెప్పేశాను.

"తెలుసు," అంది. "మీ నాయన ఎత్తిన ఇసక అంత చదునుగా ఎప్పుడుండాది? చూసినప్పుడే అనుకున్నా."

"మరి ఎందుకు తవ్వినావత్తా?"

"ఏమో. ఒకటన్నా ఉంటాదేమో అనుకున్నా."

బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "గడ్డపార పాత సామాన్లోడికియ్యబాక. నూనె పూసి తలుపెనక పెట్టు," అంది.

ఈ ఏడు భరణి కార్తెలో పెదనాన్న మళ్ళీ చెట్లెక్కే మనిషిని పిలిపించాడు. హైవే మీది బోర్డుకు కొత్త రంగు కూడా వేయించారని విన్నాం. మొదటి చెట్టుకు రెండు గెలలు దిగాయి. మూడో గెల మీద కత్తి పెట్టి, "అన్నీ కొయ్యమంటావా పెద్దాయనా?" అని పైనుంచి అడిగాడు. పెదనాన్న కాసేపు నసిగాడు. తర్వాత ఫోను తీసి బిట్రగుంటకు కలిపాడు. వేసవిలో ఆయన చెల్లెలికి ఫోను చెయ్యడం నాకు తెలిసి అదే మొదలు.

"పాపా, చెట్టుకు ఎన్ని గెలలు వదలమంటావు?"

అవతలి మాట మా అందరికీ వినపడింది. "నేను రావాలంటే ఎన్ని కావాలో అన్ని వదులు పెద్దన్నా."

ఆయన ఫోను జేబులో పెట్టుకొని తలెత్తి చూశాడు.

"చాలు, దిగిరా," అన్నాడు.